గాజు బంతుల షికారీ

ఆడమ్ బోగార్డస్‌ది అమెరికాలోని ఇల్లినాయిస్‌లో ఎల్క్‌హార్ట్ అనే చిన్న ఊరు. పిట్టల్ని కొట్టి బజారుకు అమ్మడమే బతుకుదెరువు. ఆ గురే ఆయన్ని ట్రాప్ షూటింగ్‌లో చాంపియన్‌ని చేసింది. ఆ జమానాలో పందెమంటే పెట్టెలోంచి వదిలిన పావురాల్ని కాల్చడం. వాటి బదులు గాజు బంతుల్ని ఎగరేసి కొట్టే ఆటకు ఆయనే ఊరూరా పేరు తెచ్చారు. సీసపు గుళ్లు జారిపోకుండా గరుకు బంతి చేసి 1877లో పేటెంట్ తీసుకున్నారు. 1883లో డాక్ కార్వర్‌తో 25 పందేల్లో 19 ఓడిపోయారు. అయినా తుపాకీ దించలేదు. అదే ఏడాది నలుగురు కొడుకులతో బఫెలో బిల్ ప్రదర్శనలో చేరారు. ఆయన ఖాళీ చేసిన చోటుకే 1885లో ఆనీ ఓక్లీ వచ్చారు. 1913లో ఆయన కన్నుమూశారు. ఇప్పుడు ఒలింపిక్స్‌లో ఎగిరేవి మట్టి బిళ్లలే. గురి తేలడానికి పావురం చావక్కర్లేదు.