కైలాస దర్శనం చేసిన రాజర్షి – నాల్వడి కృష్ణరాజ ఒడెయరు

చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి తాలూకాలు కన్నడ దేశంలో తెలుగు పలుకు వినిపించే సీమ. 2007లో చిక్కబళ్ళాపురం జిల్లా ఏర్పడేవరకు ఇవి కోలారు జిల్లాలోనివి. స్వాతంత్ర్యానికి పూర్వం మైసూరు సంస్థానంలోనివి. ఆ సంస్థానాన్ని సుమారు నాలుగు దశాబ్దాలు స్వయంగా పాలించి, రాజర్షిగా కీర్తి గడించినవారు శ్రీ నాల్వడి కృష్ణరాజ ఒడెయరు. నాల్వడి అనగా నాలుగవవారు. సింహాసనంపై కూర్చున్న ఆ ప్రభువు కొండదారులలో సామాన్య యాత్రికుని కష్టాన్ని తానూ అనుభవించిన వృత్తాంతం చిరస్మరణీయం.

వారు 1884 జూన్ 4న జన్మించారు. తండ్రి శ్రీ చామరాజేంద్ర ఒడెయరు 1894 డిసెంబరులో కలకత్తాలో అకస్మాత్తుగా స్వర్గస్థులయ్యారు. అప్పటికి కుమారునికి పదేళ్ళు. మరుసటి సంవత్సరం పట్టాభిషేకం జరిగినా, రాజ్యభారాన్ని తల్లి మహారాణి వాణీవిలాస సన్నిధానమువారు వహించారు. బాలుడు విద్యతోపాటు గుర్రపు స్వారి, పోలో ఆట, సంగీతం అభ్యసించాడు. 1902 ఆగస్టు 8న సంపూర్ణాధికారం ఆయన చేతికి వచ్చింది.

చిక్కబళ్ళాపురం సమీపాన ముద్దేనహళ్ళిలో పుట్టిన శ్రీ మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని 1912లో దివానుగా నియమించినవారు ఈ మహారాజే. 1913లో నిర్బంధ ప్రాథమిక విద్యాశాసనం, 1916లో మైసూరు విశ్వవిద్యాలయం వెలిశాయి. ఈ సీమకు రైలుబండి వచ్చిందీ వారి కాలంలోనే. తెలుగులోనూ, సంస్కృతంలోనూ కృతులు రచించిన మైసూరు వాసుదేవాచార్యులవారు వారి ఆస్థాన విద్వాంసులు. వెనుకబడిన వర్గాలకు విద్యలో, ఉద్యోగాలలో తగిన స్థానం కల్పించడానికై 1918లో మిల్లర్ సంఘాన్ని నియమించారు. ఈ విషయంలో దివానుగారికి భిన్నాభిప్రాయం ఉండేది. అంతటి సమర్థుడైన దివాను పదవి వీడినా మహారాజు తమ సంకల్పాన్ని విడువలేదు.

ఆ దృఢచిత్తమే వారి యాత్రలలోనూ కానవస్తుంది. కొండలంటే వారికి మక్కువ. బాబాబుడన్‌గిరి శ్రేణిలోని కెమ్మణ్ణుగుండి వారి వేసవి విడిది. కులదేవత చాముండేశ్వరి కొలువైనదీ కొండమీదనే. ఆ కొండకు వేయి మెట్లు కట్టించినవారు వారి పూర్వీకులైన దొడ్డ దేవరాజ ఒడెయరు. అయితే వారి యాత్రలన్నిటిలో మకుటాయమానమైనది 1931 నాటి కైలాస మానససరోవర యాత్ర. అప్పుడు వారి వయస్సు నలభైఏడు.

ఆ రోజులలో కైలాస యాత్రికులు సాధారణంగా ఆల్మోరా నుండి బయలుదేరి, పదహారువేల అడుగులకు మించిన లిపులేఖ్ కనుమ దాటి టిబెట్టులో ప్రవేశించేవారు. మోటారు బండికి తావులేని ఆ దారిలో కాలినడక, గుర్రం, జడలబర్రె మాత్రమే ఆధారం. నందికొండ ఎత్తు సుమారు 4,850 అడుగులు. మానససరోవరం ఉన్నది దానికి మూడింతల ఎత్తున. కైలాస ప్రదక్షిణ మార్గం సుమారు 52 కిలోమీటర్లు. అందులో డోల్మా కనుమ పద్దెనిమిదివేల అడుగులకు పైబడినది. అక్కడ ఊపిరి ఆడడమే కష్టం. చలిగాలి ఛత్రచామరాలను లెక్కచేయదు. రాజుకూ పేదకూ అక్కడ దారి ఒక్కటే. సకల భోగాలు అందుబాటులో ఉన్న ప్రభువు ఆ శ్రమను కోరి వరించారు.

1940 మార్చిలో సోదరుడు యువరాజు కంఠీరవ నరసింహరాజ ఒడెయరు కన్నుమూశారు. ఆ శోకం తీరకముందే ఆగస్టు 3న మహారాజు బెంగుళూరులో దివంగతులయ్యారు. సంతానం లేనందున తమ్ముని కుమారుడు శ్రీ జయచామరాజేంద్ర ఒడెయరు సింహాసనం అధిష్ఠించారు.

పల్లెల నుండి పుస్తకాల సంచితో మైళ్ళకొద్దీ నడచి బడికి చేరిన తరాలు ఈ సీమలో ఎన్నో ఉన్నాయి. ఆ పిల్లలకు బడి తలుపులు తెరిపించిన ప్రభువు తానూ కష్టమైన దారిని ఎంచుకున్నవాడే. గమ్యం ఎంత ఎత్తున ఉన్నా, దానిని చేరడానికి ఒక్కొక్క అడుగూ తామే వేయాలన్నది ఆ మహనీయుని జీవితం విద్యార్థులకు అందించే సందేశం.