నచ్చని దారిలో కట్టిన తొలి ఇల్లు

చండీగఢ్‌ను తీర్చిదిద్దిన లె కార్బూజియర్ పేరు మీరు వినే ఉంటారు. ఆయనకు ఆర్కిటెక్చర్ డిగ్రీ లేదంటే నమ్ముతారా?

1887లో స్విట్జర్లాండ్‌లోని లా షో ద ఫోన్‌లో పుట్టాడు. గడియారాల ఊరది. ఆర్ట్ స్కూల్లో చేరి గడియారం కేసుల మీద నగిషీలు చెక్కడం నేర్చుకున్నాడు. చూపు సరిగా లేక ఆ సన్నపని కుదరదని తేలిపోయింది. పోనీ పెయింటర్ అవుదామంటే మాస్టారు లెప్లాతెనియే ఒప్పుకోలేదు, ఇళ్లు కట్టమన్నాడు. కుర్రాడికేమో అది బొత్తిగా ఇష్టం లేదు. నేర్చుకున్నది వదిలేసి నచ్చనిదాంట్లో దిగడం ఎలా ఉంటుందో మీలో కొందరికి తెలిసే ఉంటుంది.

పద్దెనిమిదేళ్లకే మాస్టారి చలవతో తొలి పని దొరికింది. ఫాలే అనే ఆయనకు కొండవాలున ఇల్లు. ఏటవాలు కప్పు, కింద రాతిగోడలు, పైన చెక్క... స్విస్ కొండపల్లెల్లో కనిపించే షాలే తరహా. గోడల మీదా, బాల్కనీ కటకటాల్లోనూ దగ్గరి అడవిలోని ఫర్ చెట్ల ఆకారాలే. నగిషీపని వృథా పోలేదన్నమాట! తోటి విద్యార్థులూ చెయ్యి వేశారు. కట్టుబడి సంగతులు మాత్రం అనుభవమున్న ఆర్కిటెక్ట్ షపలాజ్ చూసుకున్నాడు. వచ్చిన ఫీజుతో 1907లో ఇటలీ వెళ్లి, పాత కట్టడాల బొమ్మలు గీస్తూ తిరిగాడు.

కాంక్రీటుతో పేరొచ్చాక, తన పనుల సంపుటాల్లో ఈ ఇంటికి చోటే ఇవ్వలేదు. కొంచెం అన్యాయమే! చిత్రంగా, 60 దాటాక మళ్లీ చెక్క దగ్గరికే వచ్చాడు. 1952లో ఫ్రాన్స్ సముద్రతీరాన కట్టుకున్న క్యాబిన్ 3.66 మీటర్ల చదరం. బయట దుంగల తొడుగు, లోపల ప్లైవుడ్. మంచం, బల్ల, అలమరా అన్నీ అందులోనే ఒదిగాయి. వంటగది లేదు. పక్కనున్న హోటల్లోకి నేరుగా ఓ తలుపు పెట్టించుకున్నాడు.