శ్రీనివాస రామానుజన్ - పట్టికలో జారిన సంఖ్య

శ్రీనివాస రామానుజన్ గారు 1887 డిసెంబరు 22వ తేదీన ఈరోడులో జన్మించిరి. తండ్రి కుంభకోణమున ఒక బట్టల దుకాణములో గుమాస్తా. 1903లో అచ్చటి ప్రభుత్వ కళాశాల గ్రంథాలయము నుండి వచ్చిన గణిత సంగ్రహ మొకటి ఆయన చేతబడెను. కార్ అను ఆంగ్లేయుడు కూర్చిన ఆ గ్రంథమున సిద్ధాంతములు వేలకొలది యున్నవి. ఉపపత్తులు మిక్కిలి తక్కువ. వానిని తామే సాధింపబూని, రామానుజన్ గారు తక్కిన పాఠములను మరచిరి. ఫలితముగా ఎఫ్.ఏ. పరీక్ష తప్పి, కొన్ని సంవత్సరములు ఉద్యోగము లేక కష్టపడిరి.

నెల్లూరు కలెక్టరుగా నుండిన ఆర్. రామచంద్రరావుగారు ఆయన నోటుపుస్తకములను చూచి, కొంతకాలము నెలకు 25 రూపాయలిచ్చి ఆదుకొనిరి. 1912లో రామానుజన్ గారు మదరాసు పోర్టుట్రస్టు లెక్కల శాఖలో 30 రూపాయల జీతముపై గుమాస్తాగా చేరిరి. 1913లో కేంబ్రిడ్జిలోని హార్డీ పండితునకు జాబు వ్రాసి, మరుసటి యేడు మార్చి 17న ఓడ యెక్కిరి.

1915లో ఆయన ప్రకటించిన దీర్ఘవ్యాసము సంఖ్యల భాజకములను గూర్చినది. ఒక సంఖ్యను శేషము లేకుండ భాగించునవి దాని భాజకములు. 12నకు 1, 2, 3, 4, 6, 12 అని ఆరు గలవు. అంతకు చిన్నదైన యే సంఖ్యకును ఆరు లేవు. అట్లే 60నకు పండ్రెండు. కావుననే 60 గడియల దినమును రెండు, మూడు, నాలుగు, ఐదు, ఆరు పాళ్లుగా భిన్నము రాకుండ పంచవచ్చును. ఇట్లు తమకంటె చిన్నవానినన్నిటిని భాజకములలో మించు సంఖ్యలను 102 వరకు లెక్కించి, రామానుజన్ గారు పట్టిక వేసిరి.

ఆ పట్టికలో కడపటిది 6,74,632 కోట్ల 83 లక్షల 88 వేల 800. 2ను ఆరు మార్లు, 3ను నాలుగు మార్లు, 5, 7లను రెండేసి మార్లు, 11, 13, 17, 19, 23లను ఒక్కొక్క మారు తీసికొని, అన్నిటిని కలిపి గుణించిన నది వచ్చును. ఒక్కొక్క మార్ల సంఖ్యకు ఒకటి చేర్చి, వచ్చినవానిని గుణించిన భాజకముల లెక్క తేలును: 7×5×3×3×2×2×2×2×2, అనగా 10,080.

అంతటి పట్టికలో ఒక పద్దు జారిపోయినది. 29,331 కోట్ల 86 లక్షల 25 వేల 600 అను సంఖ్యకు 5,040 భాజకములు. అది చేరవలసినదే, చేరలేదు. చిత్రమేమనగా, దానినే 23చే గుణించినచో పట్టికలోని కడపటి సంఖ్య వచ్చును! తరువాతి పండితులు సరిచూచి ఈ లోపమును కనుగొనిరి. పద్దు ఒకటి తప్పినను ఆయన స్థాపించిన సిద్ధాంతములకు లోటు రాలేదు.

ఎఫ్.ఏ. తప్పిన ఆయనకు ఈ వ్యాసమునకే 1916లో కేంబ్రిడ్జి బి.ఏ. పట్టము లభించెను. 1918లో రాయల్ సొసైటీ సభ్యులైరి. అచ్చువేయు సమాజమునకు ధనము చాలక వ్యాసములో విడిచిన భాగము 1997లో వెలువడెను. అది చూచుటకు ఆయన లేరు. 1919లో వ్యాధితో స్వదేశము చేరి, 1920 ఏప్రిల్ 26న, 32 ఏండ్ల ప్రాయమున మదరాసులో పరమపదించిరి.

గ్రంథాలయము నుండి వచ్చిన ఒక్క పుస్తకము ఒక గుమాస్తా యింటి బాలునికి దారి చూపినది. అట్టి పుస్తకము ఏ యూరి బీరువాలో, ఏ బాలుని కొరకు వేచియున్నదో!