మనిషిని కొలిచిన ఖగోళవేత్త – అడాల్ఫ్ క్వెటెలెట్

ఆకాశంలోని నక్షత్రాల గతిని లెక్కించిన వారు చరిత్రలో అనేకులు. ఆ లెక్కలనే భూమి మీది మనిషికి అన్వయించి, అతని ఎత్తును, బరువును, పెరుగుదలను ఒక శాస్త్రంగా మలచిన వారు బహు కొద్దిమంది. ఆ కొద్దిమందిలో అగ్రగణ్యుడు బెల్జియం దేశీయుడైన అడాల్ఫ్ క్వెటెలెట్. నేడు ఆసుపత్రిలో వైద్యుడు, వ్యాయామశాలలో శిక్షకుడు మన బరువును ఎత్తుతో సరిచూసి చెప్పే బి.ఎం.ఐ. అనే అంకె ఆయన లెక్కల నుండి పుట్టినదే. ఆ అంకె పరిచితమైనంతగా దాని జనకుని పేరు మన విద్యార్థులకు పరిచితం కాదు. అందుచేత ఆయన జీవితాన్ని, ఆయన కొలతకు గల ప్రయోజనాన్ని, హద్దును ఇక్కడ సంగ్రహంగా మనవి చేయదలచాము.

క్వెటెలెట్ 1796 ఫిబ్రవరి 22న ఘెంట్ నగరంలో జన్మించాడు. ఏడేళ్ల ప్రాయంలోనే తండ్రిని కోల్పోయాడు. పాఠశాల చదువు ముగియగానే, పదిహేడేళ్ల వయసులో, గణితోపాధ్యాయుడై జీవనం సాగించవలసి వచ్చింది. కవిత్వం, చిత్రలేఖనం పట్ల మక్కువ ఉన్నా గణితమే ఆయనను తన వైపు లాగుకొన్నది. 1819లో ఘెంట్ విశ్వవిద్యాలయం నుండి డాక్టరు పట్టం పొంది, బ్రస్సెల్స్‌లో అధ్యాపకుడుగా చేరాడు. ఆ నగరంలో ఒక నక్షత్రశాల నిర్మించవలెనన్న సంకల్పంతో, ఆ విద్య నేర్చుకొనుటకు 1823లో పారిస్ వెళ్లాడు.

ఆ ప్రయాణమే ఆయన జీవితాన్ని మలుపు త్రిప్పింది. ఒకే నక్షత్రాన్ని పదిమంది చూచి దాని స్థానాన్ని గుర్తిస్తే పది అంకెలు వస్తాయి. అవి చెల్లాచెదురుగా ఉండవు. మధ్యనున్న ఒక విలువ చుట్టూ దట్టంగాను, దూరం పోయిన కొలదీ పలుచగాను ఉంటాయి. పారిస్ గణితజ్ఞుల వద్ద ఈ సూత్రాన్ని ఆకళించుకొన్న క్వెటెలెట్‌కు ఒక ప్రశ్న తోచింది. నక్షత్రాలకు చెల్లిన ఈ నియమం మనుష్యులకు చెల్లదా?

1830లో బెల్జియంలో తిరుగుబాటు చెలరేగి దేశం స్వతంత్రమయింది. ఆ అల్లకల్లోలంలో నక్షత్రశాల పని వెనుకబడినా ఆయన పరిశ్రమ ఆగలేదు. పసిబిడ్డలు మొదలు వృద్ధుల వరకు ఎందరివో ఎత్తులు, బరువులు సేకరించాడు. ఆ కృషి ఫలితమే 1835లో వెలువడిన మానవ వికాస గ్రంథం. మనిషి అన్ని వైపులా సమానంగా పెరిగితే బరువు ఎత్తు యొక్క ఘనాన్ని అనుసరించి పెరగాలి. కాని పెద్దవారిలో బరువు ఇంచుమించు ఎత్తు యొక్క వర్గాన్ని అనుసరిస్తున్నదని ఆయన గమనించాడు. కిలోల బరువును మీటర్ల ఎత్తుతో రెండు మారులు భాగించే నేటి పద్ధతికి మూలం ఈ పరిశీలనే. తరువాత 1846లో 5,738 మంది స్కాట్లాండు సైనికుల ఛాతీ కొలతలను పరిశీలించి, అవి కూడా సుమారు 40 అంగుళాల చుట్టూ అదే నియమంతో అమరినవని చూపాడు.

ఇందుండి ఆయన సగటు మనిషి అనే భావనను నిర్మించాడు. ఒక జాతి మొత్తానికి కేంద్రబిందువు వంటి వానిగా, ఆదర్శప్రాయునిగా ఆ మనిషిని భావించాడు. ఇక్కడనే విమర్శ కూడా ఎదురైనది. ఫ్రెంచి పండితుడు కూర్నో ఒక చక్కని ఉపమానం చెప్పాడు. అనేక లంబకోణ త్రిభుజాల భుజాలకు సగటు కడితే వచ్చే త్రిభుజం లంబకోణ త్రిభుజం కానక్కరలేదు. అటులనే అందరి అవయవాల సగటులతో కూర్చిన మనిషి లోకంలో ఎక్కడా ఉండడు. సగటు జనసమూహాన్ని తెలుపుతుంది గాని, ఎదుట నిలిచిన ఒక్క వ్యక్తిని తెలుపదు.

1855లో పక్షవాతం వచ్చి క్వెటెలెట్ జ్ఞాపకశక్తి సన్నగిల్లింది. అయినా కలం విడువలేదు. 1870లో మానవ శరీర కొలతల గురించి మరొక గ్రంథం ప్రకటించాడు. 1874 ఫిబ్రవరి 17న బ్రస్సెల్స్‌లో కన్నుమూశాడు. స్థూలకాయాన్ని నిర్ణయించడం ఆయన ఉద్దేశం కాదు. మానవ సమూహపు తీరును గ్రహించడమే ఆయన లక్ష్యం. ఆయన సూత్రానికి బి.ఎం.ఐ. అన్న పేరు 1972లో అమెరికా శాస్త్రజ్ఞుడు ఆన్సెల్ కీస్ పెట్టినది. సమూహాల అధ్యయనానికి సులువైన సాధనంగానే కీస్ కూడా దానిని సమర్థించాడు.

కాని లోకం ఆ అంకెను ఒక్కొక్క మనిషి మీద తీర్పుగా వాడసాగింది. బరువును బట్టి మనిషిని అంచనా కట్టడంలోని లోపం అంతకు ముందే బయటపడినది. 1942లో అమెరికా నౌకాదళ వైద్యుడు బెన్కే 25 మంది వృత్తి ఫుట్‌బాల్ ఆటగాళ్లను పరీక్షించాడు. నాటి బరువు పట్టికల ప్రకారం వారిలో 17 మంది సైనిక సేవకు అనర్హులు. నీటిలో ముంచి తూచగా వారిలో అధికభాగం కొవ్వు కాదు, కండ అని తేలింది. ఇది ఆర్కిమిడీస్ సూత్రమే. కొవ్వు సాంద్రత ఘన సెంటీమీటరుకు సుమారు 0.9 గ్రాములు, కొవ్వు లేని దేహభాగానిది సుమారు 1.1. కనుక దేహపు సాంద్రత తెలిస్తే కొవ్వు శాతం లెక్క కట్టవచ్చు.

ఈ విషయం మనకు దూరపుది కాదు. 1918లో కూనూరులో అంకురించి 1958లో హైదరాబాదుకు తరలివచ్చిన పరిశోధనశాలయే నేటి జాతీయ పోషకాహార సంస్థ. 1987–90 సంవత్సరాలలో హైదరాబాదు చేరువనున్న 29 పల్లెలలో గర్భిణులకు, పసిపిల్లలకు అదనపు ఆహారం అందించే పథకం ఫలితాలను పరిశీలించారు. ఆ పిల్లలు పెరిగి పెద్దవారైన పిదప డెక్సా అనే ఎక్స్-రే యంత్రంతో వారి ఎముకను, కండను, కొవ్వును విడివిడిగా కొలిచారు. భారతీయులలో సన్నగా కనిపించే వారికి కూడా కొవ్వు పాలు, ముఖ్యంగా పొట్ట కొవ్వు, అధికంగా ఉండవచ్చునని నేడు శాస్త్రజ్ఞులు గుర్తించారు. అందుచేత ఇతరత్రా 25 దాటితే అధిక బరువు అని చెప్పే హద్దును 2009లో మన దేశ నిపుణులు 23కు తగ్గించారు.

ఎండలో మట్టి పని చేసే పాలమూరు కూలీని, రోజంతా గద్దె మీద కూర్చొనే వర్తకుని ఊహించుకొందాము. ఇద్దరి ఎత్తు 1.60 మీటర్లు, బరువు 64 కిలోలు అయితే ఇద్దరి బి.ఎం.ఐ. 25. అంకె ఒకటే, దేహాలు మాత్రం వేరు. ఆ వర్తకునికి కొవ్వు 25 శాతం ఉంటే, 16 కిలోలు కొవ్వు. కొన్ని నెలల వ్యాయామంతో అది 20 శాతానికి దిగితే కొవ్వు 12.8 కిలోలే. మొత్తం బరువు మారకపోవచ్చు. తక్కెడను నమ్మిన వాడు శ్రమ వ్యర్థమని నిరాశ పడతాడు. నిజానికి అతడు మూడు కిలోలకు పైగా కొవ్వు పోగొట్టుకొని అంత కండ సంపాదించాడు.

కొవ్వు శాతం కూడా దైవవాక్కు కాదు. విద్యుత్తును దేహంలోకి పంపి అంచనా కట్టే యంత్రాలు, త్రాగిన నీటిని బట్టి, చేసిన వ్యాయామాన్ని బట్టి వేర్వేరు అంకెలు చూపుతాయి. చర్మపు మడతను పట్టి కొలిచే పద్ధతిలో కొలిచే చేయి మారితే ఫలితం మారుతుంది. కనుక ఒకే పద్ధతిలో, ఒకే వేళ, ఉదయం ఏమీ తినక మునుపు కొలుచుకొనడం మేలు. నేటికీ నిన్నటికీ గాక, నెలకూ నెలకూ గల తేడాను చూడవలెను. నడుము చుట్టుకొలతను టేపుతో చూచుకొనడం ఖర్చు లేని ఉపాయం. స్త్రీలకు సహజంగానే కొవ్వు పాలు అధికం కనుక మన విద్యార్థినులు పురుషుల అంకెలతో పోల్చుకొని దిగులు పడనక్కరలేదు. కొవ్వు బొత్తిగా లేకుండా చేసుకొనడం ఎవరికీ ఆరోగ్యం కాదు.

క్వెటెలెట్ మనకిచ్చినది లక్షలమందిని ఒకే చూపులో గ్రహించే సాధనం. దానికి మేము కృతజ్ఞులము. కాని ఆ సాధనంతో పక్కవానిని ఎగతాళి చేయడం, తనను తాను కించపరచుకొనడం ఆ శాస్త్రానికే అపచారం. సమూహాన్ని కొలవడానికి సగటు కావాలి. మన పురోగతిని కొలుచుకొనడానికి మాత్రం నిన్నటి మనమే కొలబద్ద కావాలని మా విద్యార్థులకు మనవి చేస్తున్నాము.