ఓవెన్‌లో కరగని ఐస్‌క్రీమ్, ఒక రమ్‌ఫర్డ్ దొర

బేక్డ్ అలాస్కా నేను ఒక్కసారే తిన్నాను, బెంగళూరులో మా మామ తీసుకెళ్తే. ఐస్‌క్రీమ్ చుట్టూ గుడ్డు తెల్లసొన, చక్కెర కలిపి గిలక్కొట్టిన నురగ. ఓవెన్‌లోంచి తీసి తెచ్చారు. పైన వేడి, లోపల పళ్ళు జివ్వుమన్నాయి! ఇంటికొచ్చి చెబితే మా అవ్వ ఏమీ ఆశ్చర్యపోలేదు. వాళ్ళ చిన్నప్పుడు ఎండాకాలం జాతరకి అనంతపురం నుంచి ఐస్ గడ్డని రంపపు పొట్టులో పెట్టి, గోనెసంచి చుట్టి తెచ్చేవాళ్ళంట.

రెండిట్లోనూ ఫిజిక్స్ ఒకటే. కదలకుండా ఇరుక్కున్న గాలి వేడిని తొందరగా దాటనివ్వదు. ఈ సంగతి మీద బాగా పనిచేసినాయన బెంజమిన్ థాంప్సన్, అలియాస్ కౌంట్ రమ్‌ఫర్డ్. ఈ డెజర్ట్‌కి మూలం కూడా ఆయనే అని చెప్తుంటారు.

1753లో అమెరికాలోని మసాచుసెట్స్‌లో రైతు కుటుంబంలో పుట్టాడు. 19 ఏళ్ళకే (అంటే నా వయసుకే) డబ్బున్న ఒక వితంతువుని పెళ్ళి చేసుకున్నాడు. స్వాతంత్ర్య పోరాటం మొదలయ్యేసరికి బ్రిటిష్ వాళ్ళకి గూఢచారి అయ్యి, భార్యనీ పసిబిడ్డనీ వదిలి వెళ్ళిపోయాడు. ఆ భార్యని మళ్ళీ చూడనేలేదు.

తర్వాత జర్మనీలోని బవేరియా. సైనికుల బట్టల కోసం ఉన్ని, బొచ్చు, ఈకలు అన్నీ పరీక్షించి, వెచ్చదనం వాటి మధ్య చిక్కుకున్న గాలి వల్లే అని తేల్చాడు. 1790లో మ్యూనిక్ వీధుల్లో అడుక్కునేవాళ్ళని పోగుచేసి, పనీ బార్లీ-బఠానీ సూపూ ఇప్పించాడు. తక్కువ ఖర్చులో కడుపు ఎలా నింపాలన్నది ఆయనకి ఒక ఆప్టిమైజేషన్ ప్రాబ్లమ్. జాలి ఎంతుందో నాకు డౌటే.

అక్కడే ఫిరంగులు తొలిచేటప్పుడు పుట్టే వేడి ఆయన కంటపడింది. వేడి అంటే కెలోరిక్ అనే ద్రవం అని అప్పటి నమ్మకం. ఈయన మొద్దుబారిన పనిముట్టుతో ఫిరంగి లోహాన్ని తొలిపిస్తూ, చుట్టూ నీళ్ళు పెట్టించాడు. గుర్రాలు తిప్పుతూ ఉంటే, నిప్పు లేకుండానే రెండున్నర గంటల్లో నీళ్ళు మరిగాయి. ద్రవమే ఐతే ఎప్పుడో ఒకప్పుడు అయిపోవాలి కదా? రాపిడి ఉన్నంతసేపూ వేడి వస్తూనే ఉంది. వేడి అంటే కదలికే అని 1798లో ప్రకటించాడు. మరుసటి ఏడాది లండన్‌లో రాయల్ ఇన్‌స్టిట్యూషన్ మొదలవడానికి కూడా ఆయనే ముఖ్య కారణం.

కెలోరిక్‌కి పేరు పెట్టిన లావోయిజర్ భార్యనే, ఆయన చనిపోయిన చాలా ఏళ్ళకి, 1805లో రమ్‌ఫర్డ్ పెళ్ళాడాడు. సంసారం 1809 దాకానే. ఒక గొడవలో ఆమె ఈయన పూలమొక్కల మీద మరిగే నీళ్ళు పోసేసిందంట.

వదిలేసిన కూతురు శాలీ మాత్రం 1796లో, 20 ఏళ్ళు దాటాక, సముద్రం దాటి లండన్‌కి వచ్చి నాన్నని కలుసుకుంది. ఆయన 1814లో పారిస్ దగ్గర పోయాక కౌంటెస్ రమ్‌ఫర్డ్ అన్న బిరుదు ఆమెకే మిగిలింది.