కోడూరు మామిడితోట నుంచి బెంగళూరు వర్సిటీకి: డాక్టర్ కె.సి. నాయక్

యలహంక నుంచి బళ్లారి రోడ్డు మీద సిటీకి వెళ్లే మనవాళ్లందరికీ జీకేవీకే తెలుసు. ఆ వ్యవసాయ విశ్వవిద్యాలయానికి 1964లో తొలి వైస్ ఛాన్సలర్ అయిన డాక్టర్ కె.సి. నాయక్ అంతకుముందు మన కోడూరులో మామిడి మీద పనిచేసిన శాస్త్రవేత్త అని చాలామందికి తెలియదు.

కోడూరు అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలోని కడప జిల్లాలో ఉండేది. అక్కడి పండ్ల పరిశోధన కేంద్రం బాధ్యతలు నాయక్ చూశారు. ఆ రోజుల్లో రైతును తిప్పలు పెట్టింది పేర్ల గందరగోళం. రాయలసీమలో బేనిషా అన్నదే మరోచోట బంగినపల్లి, ఉత్తరాదిన సఫేదా. అల్ఫాన్సో బెంగళూరుకొస్తే బాదామి. ఒక పేరు నమ్మి అంటు నాటితే, అది వేరే రకమని కాపుకొచ్చాక గానీ తెలిసేది కాదు. అన్నేళ్ల నీళ్లూ ఎరువూ వృథా. నాయక్, ఎస్.ఆర్. గంగోలీ కలిసి దక్షిణాది మామిడి రకాలను వర్గీకరించి, పేర్లు సరిచేసి 1950లో గ్రంథం తెచ్చారు. అంతకు ఏడాది ముందే దక్షిణ భారత పండ్ల సాగుపై నాయక్ పుస్తకం వెలువడింది.

కొత్త రకం పుట్టించడం ఇంకా కష్టం. మామిడి పూగుత్తిలో వందలు, వేలు పూలుంటాయి. వాటిలో ఎక్కువ మగపూలే. చేత్తో పుప్పొడి అద్దినా చాలా పిందెలు రాలిపోతాయి. నిలిచిన కాయకు ఒకటే టెంక. ఆ మొక్క కాయడానికి ఐదారేళ్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. అందుకే నాయక్ ముందు పూతను అర్థం చేసుకోవాలనుకున్నారు. ఎం. మోహనరావుతో కలిసి చేసిన ఆ పరిశీలన 1943లో అచ్చయింది. ఎంపిక, సంకరం ద్వారా మామిడిని మెరుగుపరచడంపై 1948లో మరో వ్యాసం రాశారు. నీల్‌గోవా, స్వర్ణ జహంగీర్ వంటి సంకర రకాలు కోడూరు నుంచి వచ్చినవే.

బెంగళూరు వచ్చాక ఆయన పని తోట నుంచి సంస్థకు మారింది. బోధన, పరిశోధన, రైతుకు సలహా ఒకే గొడుగు కింద ఉండాలన్నది ఆ కొత్త విశ్వవిద్యాలయాల పద్ధతి. దానికి ఇక్కడ తొలి రూపం ఇచ్చే బాధ్యత ఆయనపై పడింది.

1967లో యలహంకకు పడమర హెసరఘట్టలో భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ మొదలైంది. మన బంగినపల్లిని, అల్ఫాన్సోను కలిపి అర్కా అరుణ, అర్కా పునీత్‌లను ఇచ్చింది ఆ సంస్థే. ఇప్పుడు లేతమొక్క ఆకులోని డీఎన్‌ఏ చూసి, దాని తల్లిదండ్రులు ఎవరో కాపుకు ముందే తేల్చవచ్చు. గుణానికి సంబంధించిన జన్యు గుర్తు దొరికితే, పనికిరాని మొక్కను ఏళ్ల తరబడి పెంచే బాధ తప్పుతుంది. అయితే ఏ చెట్టు ఏ రకమో, దాని కాయ గుణమేమిటో ముందే సరిగ్గా రాసిపెట్టి ఉంటేనే ఆ పరీక్షకు అర్థం. నాయక్ తరం చేసిపెట్టింది ఆ పనే.

నవంబరులో కృషి మేళాకు పిల్లలతో వెళ్లినప్పుడు ఈ కోడూరు సంగతి కూడా చెప్పండి.