శిస్తు తగ్గించమన్నారు, సారా రాబడి వద్దన్నారు
ఆంధ్రకేసరి ప్రకాశం పంతులు పాలనలో పన్నులు, ప్రజారోగ్యం

ఆంధ్రకేసరి టంగుటూరి ప్రకాశం పంతులు పేరు చెప్పగానే 1928లో సైమన్ కమిషన్ వచ్చినపుడు మద్రాసులో తుపాకులకు ఎదురు నిలిచిన ఘట్టమే అందరికీ గుర్తుకు వస్తుంది. రైతు కట్టే శిస్తు గురించి, కల్లు సారాల మీద సర్కారుకు వచ్చే రాబడి గురించి ఆయన పట్టిన పట్టు కొత్త తరం వారికి అంతగా తెలియదు. ఆ పట్టుదలే చివరకు ఆయన ముఖ్యమంత్రి పదవికి ఎసరు తెచ్చింది.

పూటకూళ్ళ ఇంటి బిడ్డ

ప్రకాశం 1872 ఆగస్టు 23న వినోదరాయునిపాలెంలో జన్మించారు. చిన్ననాడే తండ్రి పోగా, తల్లి సుబ్బమ్మ ఒంగోలులో పూటకూళ్ళ ఇల్లు నడిపి పిల్లలను పెంచారు. ఉపాధ్యాయులు ఇమ్మానేని హనుమంతరావు నాయుడు చేరదీసి చదువు చెప్పించారు. ప్రకాశం రాజమండ్రి పురపాలక సంఘానికి అధ్యక్షులై, తర్వాత ఇంగ్లండు వెళ్లి బారిస్టరయ్యారు. మద్రాసులో ఆర్జించిన ధనమంతా 1921లో స్థాపించిన స్వరాజ్య పత్రికకు, జాతీయోద్యమానికి ధారపోశారు.

భూమి రైతుదే

1937లో రాజాజీ మంత్రివర్గంలో ప్రకాశం రెవెన్యూ మంత్రి అయ్యారు. జమీందారీ గ్రామాల రైతుల బాధలు విచారించే సంఘానికి ఆయనే అధ్యక్షులు. భూమికి హక్కుదారు రైతేనని, జమీందారు శిస్తు వసూలు చేసేవాడు మాత్రమేనని, శిస్తును 1802 నాటి స్థాయికి దించాలని ఆ సంఘం 1938లో నివేదించింది. 1939లో మంత్రివర్గం రాజీనామా చేయడంతో అది చట్టం కాలేదు. జమీందారీలు రద్దు కావడానికి రైతులు 1948 వరకు ఆగవలసి వచ్చింది.

నిషేధం – అమ్మకం పన్ను

ఆ మంత్రివర్గమే 1937 అక్టోబరులో సేలం జిల్లాలో మద్యనిషేధం ప్రారంభించి, మరుసటి సంవత్సరం చిత్తూరు, కడప జిల్లాలకు విస్తరించింది. పేదవాని కూలి డబ్బులు, ఒంటి ఆరోగ్యం రెండూ కల్లుపాకలో పోతుంటే ఆ సొమ్ముతో ఖజానా నింపుకోరాదన్నది కాంగ్రెసు విధానం. పోయిన రాబడి పూడ్చడానికి 1939లో అమ్మకం పన్ను తెచ్చారు. వర్తకులు గగ్గోలు పెట్టారు. తాగేవాడు కట్టిన పన్ను, సరుకు కొనే ప్రతివాని మీద పడిందన్న విమర్శ వచ్చింది.

1946లో మద్రాసు ప్రధానిగా ప్రకాశం మద్యనిషేధాన్ని మళ్లీ చేపట్టారు. మంచినీరు, పారిశుధ్యం, సహకార సంఘాలు కలిపి ఫిర్కా అభివృద్ధి పథకాన్ని ప్రారంభించారు. స్వపక్షం వారే వ్యతిరేకించగా 1947 మార్చిలో పదవి వదిలారు.

ఒక్క ఓటు

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినపుడు ఆయన తొలి ముఖ్యమంత్రి. కొత్త రాష్ట్రానికి ఖజానా చాలదు. పైగా నిషేధం వల్ల గీత కార్మికులు బతుకుతెరువు కోల్పోయారు. నిషేధం ఎత్తివేయాలని రామమూర్తి కమిటీ సిఫారసు చేసినా ప్రభుత్వం అమలు చేయలేదు. ఆ ప్రశ్న మీదనే 1954 నవంబరులో ఒక్క ఓటు తేడాతో మంత్రివర్గం పడిపోయింది. నిషేధం ఆడవారికి, పిల్లలకు మేలన్న వాదం ఒకవైపు, గీతవృత్తి కుటుంబాల ఆకలి మరొకవైపు నిలిచిన ఆ తగవులో రెండు పక్షాల మాటా తీసివేయదగింది కాదు. ఆ కొద్దికాలంలోనే తిరుపతిలో విశ్వవిద్యాలయం వచ్చింది. 1952లో తెగిన కృష్ణ ఆనకట్ట స్థానంలో కొత్త బ్యారేజీ పని మొదలయింది. నేడు దానికి ఆయన పేరే ఉంది.

తీరని పేచీ

ఒంగోలు ప్రాంతంలో మండుటెండలో పర్యటిస్తూ వడదెబ్బ తిన్న ప్రకాశం 1957 మే 20న హైదరాబాదులో కన్నుమూశారు. లక్షలు ఆర్జించిన బారిస్టరు చేతిలో చివరకు చిల్లిగవ్వ మిగలలేదు. 1972లో ఒంగోలు జిల్లాకు ఆయన పేరు పెట్టారు.

ఆయనను పదవి నుంచి దించిన ప్రశ్న ఆయనతో పోలేదు. నెల్లూరు జిల్లా దూబగుంట మహిళల ఉద్యమంతో 1993లో సారా, 1995లో మద్యం మొత్తం నిషేధించినా, రాబడి చాలక 1997లో సడలించారు. 2017లో జీఎస్టీ వచ్చినా తాగే మద్యం మీద పన్ను రాష్ట్రాల చేతిలోనే ఉంది. సీసా మీద వచ్చిన సొమ్ముకు, ఆసుపత్రిలో అయ్యే ఖర్చుకు పొంతన కుదిర్చే లెక్క ఏ ప్రభుత్వానికీ ఇంకా తేలలేదు.